ఇల్లు మారిన అక్షరం

తాటాకు ఎంత గట్టిదైనా మన వాతావరణంలో కొన్ని వందల సంవత్సరాలకు మించి నిలవదు. చెమ్మకు చివికిపోతుంది. పురుగులకు ఆహారమవుతుంది. అంచులు విరిగినప్పుడు పంక్తి చివరి అక్షరాలు ఆకుతో పాటు రాలిపోతాయి. నన్నయ రాజమహేంద్రవరంలో భారతాంధ్రీకరణకు పూనుకొన్నది పదకొండవ శతాబ్దంలో. ఆయన కాలం నాటి తాళపత్ర ప్రతి ఏదీ నేడు మన చేతిలో లేదు. అయినప్పటికీ ఆయన పద్యం మనకు దక్కింది. తరతరానా ఎవరో ఒక లేఖకుడు చివికిపోతున్న ప్రతిని పక్కన పెట్టుకొని, కొత్త ఆకుపై గంటంతో తిరిగి వ్రాయబట్టే అది సాధ్యమైంది. ఆకు ఏ ఊరి తాటితోపులోనిదని గాని, గంటం ఏ కమ్మరి కొలిమిలో రూపొందిందని గాని ఆ లేఖకుణ్ణి ఎవరూ అడగలేదు. అక్షరం ఒక ఆకును వీడి మరొక ఆకుపైకి చేరడానికి ఎవరి అనుమతీ అవసరం కాలేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ చేసిన పని కూడ ఇటువంటిదే. ఆయన ఊరూరా తాళపత్ర గ్రంథాలు సేకరించి, పండితులకు జీతాలిచ్చి, వాటిని కాగితం మీదికి ఎక్కించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. ఆకు నుండి కాగితానికీ, కాగితం నుండి అచ్చుకూ జరిగిన ఆ రెండు వలసలలోనూ తెలుగు అక్షరం చెక్కుచెదరలేదని అనలేం. లేఖకుల పొరపాట్లు, పాఠభేదాలు, పండితుల దిద్దుబాట్లు ఎన్నో చోటుచేసుకొన్నాయి. కాని అక్షరం అక్షరంగానే ఉంది. చదవడం వచ్చిన ప్రతివాడూ దానిని చదవగలిగాడు.

కంప్యూటర్ వచ్చిన తరువాత ఈ స్థితి మారింది. ఆ మార్పు చాలామంది గమనించనంత నిశ్శబ్దంగా జరిగింది.

కంప్యూటర్‌ను మనం తెరిచినప్పుడు మొట్టమొదట మేల్కొనేది ఆపరేటింగ్ సిస్టమ్. తెలుగులో దీనిని నిర్వహణ వ్యవస్థ అని వ్యవహరించవచ్చు. మీట నొక్కితే అక్షరం తెరపై కనిపించడం, దాచమన్నది దాచడం, అచ్చు యంత్రానికి పంపమన్నది పంపడం వంటి పనులన్నింటినీ ఇదే చక్కబెడుతుంది. మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించిన విండోస్, ఆపిల్ సంస్థ రూపొందించిన మాక్, ప్రపంచవ్యాప్తంగా వేలాదిమంది కలిసి పెంచి పోషిస్తున్న లినక్స్ వీటిలో ప్రసిద్ధమైనవి. మొదటి రెండూ వాటి యజమానుల సొత్తు. లినక్స్ బీజాన్ని 1991లో ఫిన్లాండ్ దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వేశాడు. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక దానికి తోడైంది. దీనిని ఎవరైనా వాడుకోవచ్చు, పరిశీలించవచ్చు, సవరించవచ్చు, ఇతరులకు పంచవచ్చు. రుసుము చెల్లించనక్కరలేదన్నది అందరూ చెప్పే మాట. సవరించే హక్కు ఉన్నదన్నది అంతకన్న ముఖ్యమైన మాట.

ఒక వ్యవస్థను వదిలి మరొక వ్యవస్థకు మారవలసిన అవసరం సామాన్యునికి ఎందుకు కలుగుతుంది? ఇష్టపడి మారేవారు తక్కువ. మారక తప్పని పరిస్థితిలో మారేవారే ఎక్కువ. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో భద్రతా సవరణలు నిలిచిపోయాయి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. తరువాతి కూర్పు అయిన విండోస్ 11 నడవాలంటే యంత్రంలో భద్రతకు ఉద్దేశించిన ఒక ప్రత్యేకమైన చిప్పు, కొంత కొత్త తరం ప్రాసెసరు ఉండాలని ఆ సంస్థ నియమం పెట్టింది. అందువల్ల చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడ ఎన్నో చోట్ల పనికిరానివాటి జాబితాలో చేరాయి. ఒక చిన్న పట్టణంలోని జూనియర్ కళాశాలలో ఇరవై పాత కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. వాటి ముందున్న దారులు మూడే. కొత్తవి కొనడం మొదటిది, దానికి నిధులు కావాలి. రక్షణ లేని పాత వ్యవస్థతోనే కాలక్షేపం చేయడం రెండవది, వైరస్‌లకు తలుపులు తెరిచి ఉంచినట్లే. లినక్స్‌కు మారడం మూడవది. ఇరవై యంత్రాలు మరికొన్ని సంవత్సరాలు పనిచేయాలంటే ఈ మూడవ దారే వివేకవంతమైనదని ఎవరైనా అంగీకరిస్తారు.

అంగీకరించి మారిన తరువాతనే అసలు కథ ప్రారంభమవుతుంది.

ఆ కళాశాలలో ఇరవై సంవత్సరాల నాడు ఒక ఉపన్యాసకుడు ఎంతో శ్రమించి తన సిద్ధాంత గ్రంథాన్ని డి.టి.పి. కేంద్రంలో కూర్చోబెట్టించాడనుకుందాం. ప్రతి పుటా తానే దిద్దాడు. అచ్చయిన ప్రతులు పంచగా పంచగా ఒకటి రెండు మిగిలాయి. అయినా దిగులు లేదు, గ్రంథమంతా సీడీలో భద్రంగా ఉన్నదని ఆయన నమ్మకం. కొత్త వ్యవస్థలో ఆ సీడీని తెరుస్తాడు. తెరపై తెలుగు లేదు. ఆంగ్లాక్షరాలు, డాలరు గుర్తులు, విరామ చిహ్నాలు, యూరప్ భాషలలో కనిపించే చుక్కల అక్షరాలు కలగాపులగంగా బారులు తీరి ఉంటాయి. చెదలు తిన్న తాటాకులో కనీసం మిగిలిన ముక్కనైనా చదవవచ్చు. ఇక్కడ ఒక్క అక్షరం కూడ పోలేదు, ఒక్క అక్షరం కూడ చదవడానికి వీలులేదు.

దోషం లినక్స్‌దని ఆయన అనుకోవడం సహజం. పాత విండోస్‌లో చక్కగా కనిపించినది ఇక్కడ కనిపించకపోతే ఎవరైనా అలాగే అనుకొంటారు. నిజానికి ఆయన గ్రంథం ఏనాడూ తెలుగులో లేదు. తెలుగులా కనిపించింది, అంతే.

ఈ మాట కొంత వివరించాలి. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకె ఏ అక్షరమన్నది ముందుగా చేసుకొన్న ఒడంబడికను బట్టి ఉంటుంది. తొలినాళ్ళ ఫాంట్లలో మొత్తం 256 గళ్ళే ఉండేవి. అవి ఆంగ్లానికీ, కొన్ని యూరప్ భాషలకూ కేటాయించినవి. తెలుగువారికి పుస్తకాలు, పత్రికలు, పెండ్లి పత్రికలు అచ్చు కావాలి. అప్పుడు ఫాంట్లు తయారుచేసే సంస్థలు ఒక ఉపాయం పన్నాయి. ఆంగ్ల అక్షరం ఉండవలసిన గడిలో తెలుగు ముక్కను కూర్చోబెట్టాయి. ఒక గడిలో తలకట్టు, మరొక గడిలో కొమ్ము, వేరొక గడిలో తవత్తు, ఇంకొక గడిలో సుడి. ఈ ముక్కలను పక్కపక్కన పేర్చితే కాగితంపై ముత్యాల వంటి తెలుగు కనిపించేది. అను, శ్రీలిపి వంటి పేర్లు ఆ రోజులలో డి.టి.పి. కేంద్రాలలో నిత్యం వినిపించేవి. అవి తెలుగు ముద్రణకు చేసిన మేలు చిన్నది కాదు. సీసపు అక్షరాల కేసుల ముందు నిలబడి కూర్చే శ్రమ తప్పింది, పుస్తకం ఖర్చు తగ్గింది, చిన్న ఊళ్ళలో కూడ పత్రికలు పుట్టాయి.

అయితే ఆ ఫైలు లోపల ఉన్నది ఆంగ్ల అక్షరాల అంకెలే. దానిపై తెలుగు ముసుగు వేసేది ఫాంటు. ముసుగు తీస్తే మిగిలేది పైన చెప్పిన కలగాపులగం. పైగా ఒక సంస్థ తలకట్టును ఉంచిన గడిలో వేరొక సంస్థ ఏత్వాన్ని ఉంచేది. ఒకరి ఫాంటులో కూర్చినది మరొకరి ఫాంటులో అర్థరహితమయ్యేది. ఆ ఫాంట్లూ, వాటికి తగిన మీటల అమరికా విండోస్ కోసం తయారైనవి. ఆ ముసుగు విండోస్ ఇంట్లో చిలక్కొయ్యకు వ్రేలాడుతున్నది. ఇల్లు మారినవాడు దానిని అక్కడే మరచి వచ్చాడు.

దీనికి పరిష్కారం అప్పటికే పుట్టి ఉన్నది. ప్రపంచ భాషలన్నింటికీ వేరువేరుగా సంకేతాలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం తొలి కూర్పు 1991లోనే వెలువడింది, అందులో తెలుగు ఉన్నది. భారతీయ భాషలకు మన ప్రభుత్వం ఆమోదించిన ఇస్కీ ప్రమాణమూ 1991 నాటిదే. లినక్స్ పుట్టింది కూడ ఆ సంవత్సరమే కావడం ఒక విశేషం. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు గల ఒక వాడ ఉన్నది. అందులో తలకట్టుకు గాని, తవత్తుకు గాని చోటు లేదు. ఉన్నవి అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు మొదలైనవి. ‘స్త్రీ’ అన్న అక్షరాన్ని తీసుకొంటే కంప్యూటర్ దానిని సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘ ఈకారపు గుర్తు అని ఆరు సంకేతాలుగా దాచుకొంటుంది. తెరపై వాటిని కలిపి ఒక్క అక్షరంగా చూపించడం ఆపరేటింగ్ సిస్టమ్ వంతు. వ్యాకరణం చదివిన విద్యార్థులకు ఈ విభజన కొత్తదేమీ కాదు. సంయుక్తాక్షరాన్ని విడదీయమని పరీక్షలో అడిగితే వారు చేసేది ఇదే. ముక్కల అందం చూసి కూర్చిన పాత పద్ధతి చిత్రకారునిది, యూనికోడ్ పద్ధతి వైయాకరణునిది. అందుకే రెండవది ఇల్లు మారినా నిలుస్తుంది.

విండోస్ ఎక్స్‌పీ కాలం నుండి ఆ వ్యవస్థలో గౌతమి అనే ఫాంటుతో యూనికోడ్ తెలుగు అందుబాటులో ఉన్నది. లినక్స్‌లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు చోటు సంపాదించుకొన్నాయి. అనంతర కాలంలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న వంటి పేర్లతో మరికొన్ని ఫాంట్లు అందరూ వాడుకొనేందుకు విడుదలయ్యాయి. ప్రబంధ కవులందరూ ఒకే చోట సమావేశమైన సభ భువన విజయం తరువాత బహుశా ఈ ఫాంట్ల పట్టికలోనే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట స్మరించుకోవాలి. 1990 దశకంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో తెలుగును ఆంగ్ల లిపిలో వ్రాసే ఒక పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. దానిని ఆర్.టి.ఎస్. అంటారు. కంటికి అది ఏమాత్రం ఇంపైనది కాదు. పెద్ద బడి చిన్న బడి ఆంగ్లాక్షరాలు కలిసిన ఆ వ్రాతను చూస్తే తెలుగు పండితునికి తలనొప్పి రాక మానదు. కాని అందులో ప్రతి ధ్వనికీ ఒక నియతమైన గుర్తు ఉన్నది. ఏ యంత్రంలోనైనా, ఏ వ్యవస్థలోనైనా ఆ వ్రాత అలాగే తెరుచుకొంటుంది. ప్రవాసాంధ్రులు ఆ పద్ధతిలో టైపు చేసిన పద్యాలు తరువాత సునాయాసంగా యూనికోడ్ తెలుగులోకి మారిపోయాయి. ముత్యాల వంటి అక్షరాలతో కూర్చిన గ్రంథాలు మాత్రం సీడీలలో మూగవై ఉండిపోయాయి. రూపం కన్న నియమం దీర్ఘాయుష్షు గలదన్నది ఛందస్సు తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

వ్యవస్థ మార్పిడిలో ఇటువంటి చిక్కులు తెలుగువారికే పరిమితం కావు. జర్మనీలోని మ్యూనిక్ నగర పాలక సంస్థ ఉదంతం ఈ సందర్భంలో తెలుసుకోదగినది. ఆ నగరం 2003లో తన కార్యాలయాలను విండోస్ నుండి లినక్స్‌కు మార్చాలని తీర్మానించింది. మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా నగర మేయరును కలిసి నచ్చజెప్పబోయాడు, ఫలితం లేకపోయింది. మార్పిడి ఒక్క రోజులో జరగలేదు. 2006లో యంత్రాలు మారడం మొదలై 2013 నాటికి దాదాపు పదిహేను వేల కంప్యూటర్లు కొత్త వ్యవస్థలోకి వచ్చాయి. అంతకాలం పట్టడానికి కారణం యంత్రాలు కావు. ఏళ్ళ తరబడి ఒక్కొక్క శాఖ తన అవసరం కొద్దీ తయారుచేసుకొన్న పత్రాల నమూనాలు, వాటిలో ఇమిడిన చిన్న చిన్న ఆదేశాలు పాత వ్యవస్థకు అంటుకొని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీయడమే పెద్ద పని అయింది. ఇంతా చేసిన తరువాత 2017లో అదే నగర సభ తిరిగి విండోస్‌కు వెళ్ళాలని నిర్ణయించింది. బయటి కార్యాలయాల నుండి వచ్చే పత్రాలు సరిగా తెరుచుకోవడం లేదని కొందరు ఉద్యోగులు ఫిర్యాదు చేశారు. లోపం వ్యవస్థలో కన్న నిర్వహణలో ఉన్నదని మరికొందరు వాదించారు. 2020లో అధికారంలోకి వచ్చిన కూటమి మళ్ళీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపే మొగ్గు చూపింది.

ఈ ఉదంతాన్ని లినక్స్ ఓటమిగా చెప్పేవారున్నారు, రాజకీయాల ఆటగా చెప్పేవారున్నారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. కాని అందులో స్పష్టంగా కనిపించే విషయం వేరొకటి. ఇంటిలోని సామాను ఆ ఇంటి గోడలకే మేకులతో బిగించి ఉంటే ఇల్లు మారడం ఎవరికైనా కష్టమే. పక్క ఇంటివారి సామాను కూడ వారి గోడలకే బిగించి ఉంటే ఇరువురి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు సాగవు. మ్యూనిక్ నగరం తన మేకులు తాను పీక్కొన్నది, ఇరుగుపొరుగుల మేకులు పీకలేకపోయింది.

కేరళ అనుభవం దీనికి భిన్నమైనది. 2001లో అక్కడ పాఠశాలలలో కంప్యూటర్ విద్య కోసం ఐటీ ఎట్ స్కూల్ అనే ప్రణాళిక ప్రారంభమైంది. కొద్ది సంవత్సరాలలోనే అది లినక్స్ మార్గం పట్టింది. ఇప్పుడు ఆ బాధ్యతను కైట్ అనే ప్రభుత్వ సంస్థ నిర్వహిస్తున్నది. అక్కడి బడులలో పిల్లలు తొలి నుండీ లినక్స్‌పైనే నేర్చుకొంటారు, మలయాళాన్ని యూనికోడ్‌లోనే టైపు చేస్తారు. ఉపాధ్యాయులకు విస్తృతంగా శిక్షణ ఇచ్చారు. తమ పాఠ్యప్రణాళికకు కావలసిన ఉపకరణాలన్నీ కూర్చి తమ సొంత కూర్పు తయారుచేసుకొన్నారు. ఆ పిల్లలకు మార్పిడి అన్న సమస్యే ఎదురు కాలేదు. మొదటి రోజే మేకులు లేని ఇంట్లో దిగినవారికి బరువేముంటుంది? మ్యూనిక్ ఉద్యోగులు పాత అలవాట్లను మరచిపోవలసి వచ్చింది, కేరళ పిల్లలకు మరచిపోవలసినది ఏదీ లేదు.

మన నేలపై ప్రయత్నాలే జరగలేదనడం అన్యాయం. హైదరాబాదు కేంద్రంగా 2005లో ఆరంభమైన స్వేచ్ఛ అనే సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తేవడాన్ని తన తొలి లక్ష్యంగా పెట్టుకొన్నది. ఇంజనీరింగ్ విద్యార్థులు అందులో పాల్గొన్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ అనే పేరుతో భారతీయ భాషలకు అనువైన లినక్స్ కూర్పును విడుదల చేసింది. ఈ తెలుగీకరణలో ‘ఫైల్’ దస్త్రమైంది, ‘ఎడిట్’ సవరణ అయింది. ‘ఫైలు అన్న మాట పామరునికి కూడ తెలుసు గదా, దస్త్రమెందుకు?’ అని ప్రశ్నించేవారికి లోటు లేదు. దస్త్రం అచ్చ తెలుగు మాట కాదు, నవాబుల కాలపు కచేరీల నుండి మన నోటికి వచ్చిన అన్యదేశ్యం. అయితే కరణాల కాలం నుండి వాడుకలో నలిగి మన మాట అయింది. రేపు ఫైలు కూడ అలాగే అవుతుంది. మెనూలోని మాట గురించి తగవు పడేవారు, మెనూ కింద తెరుచుకొనే పత్రంలోని అక్షరాల గతి గురించి అంత పట్టించుకోకపోవడం విచారకరం.

లినక్స్‌కు మారమని అందరికీ ఒకే తీరున సలహా ఇవ్వడం కూడ సరికాదు. ఒక డి.టి.పి. కార్మికుని సంగతి చూడండి. ఆయన చేతివేళ్ళకు ఇరవై ఐదేళ్ళుగా ఒకే మీటల అమరిక అలవాటు. నిమిషానికి ఎన్ని పదాలు కొడితే ఆ రోజు కూలి అంత. పేజ్‌మేకర్ చివరి ప్రధాన కూర్పు 2001లో వచ్చింది, ఆ తరువాత దాని తయారీదారు దానిని వదిలివేశాడు. అయినా మన చిన్న ముద్రణాలయాలలో అది చాలాకాలం బ్రతికి ఉన్నది. దానికి యూనికోడ్ తెలియదు. ఆయనను పట్టుకొని ‘నీవు తప్పు చేస్తున్నావు, స్వేచ్ఛా వ్యవస్థకు మారు’ అని ఉపదేశించడం, ఎద్దులబండి తోలుకొని బ్రతికేవానికి పర్యావరణ పాఠం చెప్పినంత అనుచితం. మారడానికి పట్టే మూడు నెలల కాలంలో ఆయన ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? కొత్త అమరిక నేర్చుకొనే రోజులకు భృతి ఇచ్చి శిక్షణ ఏర్పాటు చేయడం ప్రభుత్వాల పని, ప్రచురణకర్తల పని. అది జరగనంతకాలం ఆయనను నిందించే అధికారం ఎవరికీ లేదు.

లినక్స్ వ్యవస్థకు దాని లోపాలు దానికున్నాయి. కొన్ని అచ్చు యంత్రాలు, స్కానర్లు దానితో సహకరించవు. ఆరంభ కాలంలో తెలుగు వత్తులు ఉండవలసిన చోట ఉండక పక్కకు జరిగి కనిపించేవి. ఇప్పుడు ఆ ఇబ్బంది బాగా తగ్గింది. అయితే తెలుగు అక్షరం ధనిక సంస్థలను కూడ తికమక పెట్టగలదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరపు సంకేతాల కూర్పు ఆపిల్ ఫోన్లలోకి సందేశంగా చేరితే ఆ సందేశాన్ని చూపే అప్లికేషన్లు కుప్పకూలిపోయేవి. కొద్ది రోజులలోనే ఆ సంస్థ సవరణ విడుదల చేసింది. ‘తెలుసుకొను’ అని అర్థమిచ్చే ధాతువు దగ్గరనే యంత్రం తెల్లబోవడం చూసి తెలుగువారు నవ్వుకొన్నారు. నవ్వుకొనవలసిన విషయమే. దానితో పాటు గ్రహించవలసినది మరొకటి ఉన్నది. యజమాని సొత్తయిన వ్యవస్థలో మన అక్షరానికి కష్టం కలిగితే ఆ యజమాని కరుణించే వరకు వేచి ఉండాలి. లినక్స్‌లో అటువంటి లోపం కనబడితే దిద్దే అవకాశం, సామర్థ్యముంటే, వరంగల్లు విద్యార్థికీ విశాఖపట్నం విద్యార్థికీ కూడ ఉన్నది.

లినక్స్ అనగానే అదేదో మేధావుల విద్య అని జంకే విద్యార్థులు తమ జేబులు తడిమి చూసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోనుకు మూలాధారమైన కెర్నెల్ లినక్సే. అందులో వారు రోజూ పంపుకొనే తెలుగు సందేశాలు యూనికోడ్‌లోనే ఉన్నాయి. అందుకే ఆ సందేశం ఆపిల్ ఫోనులోనైనా, విండోస్ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే తెరుచుకొంటున్నది. ఇంటర్మీడియట్ విద్యార్థి స్నేహితునికి పంపే ‘రేపు క్లాసుందా?’ అన్న వాక్యం వందేళ్ళ తరువాత కూడ చదవడానికి వీలైన రూపంలో ఉన్నది. అతని గురువు ప్రాణం పెట్టి వ్రాసిన సిద్ధాంత గ్రంథం ఇరవై ఏళ్ళకే చదవడానికి వీలుకాని రూపంలో ఉన్నది. ఇంతకన్న వింత ఏముంటుంది?

కనుక ఏ వ్యవస్థ గొప్పదన్న వాదులాట కన్న ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. నేడు వ్రాస్తున్నది రేపు ఏ ఇంటికి వెళ్ళినా తెరుచుకొంటుందా? తెరుచుకొనేటట్లయితే విండోస్‌లో ఉండేవారు అక్కడే ఉండవచ్చు, మారదలచినవారు ఒక మధ్యాహ్నంలో మారవచ్చు. పెన్‌డ్రైవ్ నుండి లినక్స్‌ను నడిపి, యంత్రంలో ఉన్నదానిని ఏమీ కదపకుండా, నచ్చుతుందో లేదో చూసుకొనే సదుపాయం కూడ ఉన్నది. తెరుచుకోనట్లయితే ఎంత ఖరీదైన వ్యవస్థలో ఉన్నా అది అద్దె ఇల్లే, తాళంచెవి ఎల్లప్పుడూ మరొకరి చేతిలోనే.

ఇది వ్యక్తుల ఇష్టాయిష్టాలకు వదిలివేయదగిన సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వం 2010లోనే పరిపాలనలో సార్వత్రిక ప్రమాణాలు పాటించాలని ఒక విధానం ప్రకటించింది. 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని మరొక విధానం ప్రకటించింది. విధానాలు కాగితంపై బాగున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ప్రజల డబ్బుతో తయారయ్యే ప్రతి తెలుగు పత్రం, ప్రతి పాఠ్యపుస్తకం, ప్రతి విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథం యూనికోడ్‌లో, ఏ ఒక్క సంస్థ సొత్తూ కాని రూపంలో భద్రపరచాలన్న నియమం ఆచరణలో ఉండాలి. సిద్ధాంత గ్రంథం సమర్పించేటప్పుడు బైండు చేసిన ప్రతులు ఎన్ని ఉన్నాయని లెక్కించే అధికారులు, వాటితో పాటు ఇచ్చే ఫైలు వేరొక యంత్రంలో తెరుచుకొంటున్నదా అని ఒక్కసారి చూస్తే చాలు. కళాశాలలలో ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికను నేర్పడం కూడ అత్యవసరం. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ అదే అమరిక ఉన్నది. క, ఖ, గ, ఘ ఎక్కడున్నాయో ఒకసారి వేళ్ళకు తెలిస్తే ఇల్లు మారినప్పుడు మళ్ళీ ఓనమాలు దిద్దుకోవలసిన పని ఉండదు.

సీడీలలో మూగవైన గ్రంథాలకు విమోచన లేకపోలేదు. పాత ఫాంట్ల వ్రాతను యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు కొన్ని ఉన్నాయి. ఏ గడిలో ఏ ముక్క ఉన్నదో పట్టిక వేసుకొని అవి ముక్కలను తిరిగి అక్షరాలుగా కూర్చుతాయి. కాని ఏ మార్పిడీ నిర్దుష్టంగా జరగదు. ఒక చోట వత్తు జారిపోతుంది, మరొక చోట కొమ్ము పక్క అక్షరానికి అంటుకొంటుంది, సంస్కృత శ్లోకాలు ఉన్న చోట పొరపాట్లు మరీ ఎక్కువ. పూర్వం తాళపత్ర లేఖకులు ప్రతి చివర తమ తప్పులు మన్నించమని పాఠకులను వేడుకొనేవారు. ఈ ఉపకరణాలకు ఆ మర్యాద తెలియదు. అందువల్ల ఆ ఉపన్యాసకుడు అచ్చయిన పాత ప్రతిని పక్కన పెట్టుకొని, తెరపై కనిపిస్తున్న ప్రతి పంక్తినీ దానితో సరిపోల్చుతూ కూర్చోవలసిందే. మొదటి పుటకు గంట పడుతుంది. రెండవ పుటకు తప్పుల తీరు తెలిసి అరగంట. గ్రంథం నాలుగు వందల పుటలు. పక్కన ఒక విద్యార్థి కూర్చొని బిగ్గరగా చదివి వినిపిస్తే ఆ పని వేసవి సెలవులు ముగిసేలోగా పూర్తవుతుంది.